గీతలక్క పెట్టిన శనివారం క్లాసు

మంచినీటి సరఫరా ఆఫీసులో ఆమెను అందరూ గీతలక్క అంటారు. అది అసలు పేరు కాదు. ఇరవై నాలుగేళ్లుగా ఊళ్లోని నీటి గొట్టాల పటాలు గీస్తూ ఉన్నందుకు వచ్చిన పేరు. మొదట్లో పెన్సిలుతో గీసింది, తర్వాత కంప్యూటరు మీద గీసింది. ఏ సందులో ఏ గొట్టం ఎటు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కానీ పటం కింద సంతకం పెట్టే హక్కు మాత్రం ఆమెకు లేదు. దానికి మ్యాపింగ్ సర్టిఫికెట్ ఉండాలి, అది రావాలంటే పరీక్ష రాయాలి.

నలభై తొమ్మిదో ఏట రాసింది. డెబ్బై రావాలి, అరవై ఆరు వచ్చాయి. బస్సులో రెండు స్టాపుల దూరం ఏడ్చింది. మూడో స్టాపు వచ్చేసరికి ఏడుపు ఆగి రోషం మొదలైంది. మర్నాడు ఆఫీసు నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది. "నాకు నాలుగు మార్కులు తక్కువయ్యాయి. కలిసి చదువుకుందాం అనుకునేవాళ్లు శనివారం పదింటికి మా ఇంటికి రండి. టీ ఇస్తాను."

ఇంజనీరు గారు అది చదివి నవ్వాడు. "పరీక్ష తప్పినావిడ దగ్గర ట్యూషనా?"

"గుంట ఎక్కడుందో అందులో పడినదానికే కదండీ తెలిసేది!" అంది గీతలక్క.

మొదటి శనివారం ఇద్దరే వచ్చారు. ఒకరు గొలుసు బాబాయి. ముప్పై ఏళ్లుగా గొలుసూ టేపూ పట్టుకుని నేల కొలుస్తున్నవాడు, చదువు ఎనిమిదితో ఆపేసినవాడు. రెండో మనిషి ఆమె ఆడపడుచు. అంబులెన్స్ కాల్ రూములో పనిచేస్తుంది. ఫోన్లో జనం చెప్పే గజిబిజి గుర్తులు విని, పటంలో ఇల్లు వెతికి బండిని పంపడం ఆమె పని. వదిన పిలిచిందని రాలేదు, వదినకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుందామని వచ్చింది. ఆ మాట దాచుకోనూ లేదు.

గీతలక్క భర్త దర్జీ. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. పుస్తకాలు, పటాలు పరచడానికి ఇంట్లో ఉన్న పెద్ద బల్ల ఒక్కటే, అది ఆయన గుడ్డలు కత్తిరించే బల్ల. శనివారం వస్తే చాలు, ఆయన సణుక్కుంటూ గుడ్డలన్నీ ఒక మూలకు జరిపేవాడు.

చదువు నవ్వులతోనే సాగింది. ఐదు వందల్లో వంతున గీస్తే పెద్ద స్కేలని, యాభై వేలలో వంతున గీస్తే చిన్న స్కేలని చెప్పగానే ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. "పెద్ద అంకె ఉన్నది చిన్న స్కేలా! ఇదేం తిరకాసు వదినా?"

"ఐదు వందల్లో వంతైతే మన ఇల్లు తపాలా బిళ్లంత కనిపిస్తుంది. యాభై వేలలో వంతైతే చుక్క కూడా కనపడదు. ఇల్లు పెద్దగా కనిపిస్తే పెద్ద స్కేలు. అంకెను చూడకు, ఇంటిని చూడు."

కొండల ఎత్తు చూపే వంపు గీతల దగ్గర బాబాయే గురువయ్యాడు. "గీతలు దూరదూరంగా ఉంటే పాట పాడుకుంటూ ఎక్కొచ్చమ్మా. దగ్గరికొచ్చాయా, మోకాళ్లకి మూడినట్టే!" పుస్తకంలో రెండు పేజీలు చెప్పిన సంగతి ఆ ఒక్క ముక్కలో తేలిపోయింది.

చిక్కంతా ప్రొజెక్షన్ల దగ్గర వచ్చింది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తేవడం. కిందటిసారి గీతలక్క కొంప ముంచిన పాఠం అదే. రెండు శనివారాలు తలలు పట్టుకుని కూర్చున్నా ఒక్క ముక్క ఎక్కలేదు. మూడో శనివారం, కుట్టుమిషను దగ్గర నుంచి దర్జీ లేచి వచ్చాడు. ఒక గుడ్డముక్క తీసి బాబాయి భుజం మీద వేశాడు.

"ముడత పడకుండా దీన్ని భుజానికి అతికించండి చూద్దాం."

ముగ్గురూ లాగారు, సర్దారు. ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు ముడత లేచింది.

"కుదరదు. చదునైన గుడ్డ గుండ్రటి ఒంటికి ఊరికే కూర్చోదు. ఒకచోట సాగదీయాలి, లేదా ఒకచోట మడిచి కుట్టాలి. ఎక్కడ సరిగ్గా ఉండాలో ముందే అడిగి, మిగతా చోట ఓర్చుకుంటా. మీ కాగితానికీ అంతేగా?"

గీతలక్క చటుక్కున పుస్తకం తెరిచి ఆ పాఠం తీసింది. ఆకారం సరిగ్గా ఉంచితే వైశాల్యం చెడుతుంది, వైశాల్యం ఉంచితే ఆకారం చెడుతుంది. ఏ పనికి ఏది కావాలో చూసి ఎంచుకోవడమే కదా ఇన్నాళ్లూ అర్థం కానిది!

"ఏవండీ, ఇంకోసారి చెప్పండి!"

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. అందుకని ఆయన మూడుసార్లు చెప్పాడు.

పరీక్ష రోజు ముగ్గురూ ఒకే బస్సులో వెళ్లారు. పరీక్ష కంప్యూటరు మీద. బాబాయికి ప్రశ్నలకంటే మౌసంటేనే భయం. "చేతిలో కప్పపిల్లని పట్టుకున్నట్టుంటుందమ్మా, ఎప్పుడు ఎటు గెంతుతుందో!" అన్నాడు. మూడు గంటల తర్వాత తెర మీదే మార్కులు వచ్చేశాయి. ఆడపడుచు ఎనభై ఎనిమిదితో గెంతుకుంటూ బయటికొచ్చింది. వెనకే గీతలక్క, ఎనభై ఒకటి.

"ఏడు ఎక్కువ వదినా, ఏడు!"

"నేర్పింది ఎవరే?" అని గీతలక్క ఆమెను గట్టిగా వాటేసుకుంది.

బాబాయి ఎంతకీ రాలేదు. ఇద్దరూ మెట్ల దగ్గరే నిలబడి లోపలికి తొంగి చూశారు. చివరికి ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ మెల్లగా మెట్లు దిగాడు.

"డెబ్బై" అన్నాడు. "సరిగ్గా డెబ్బై. ఇంకొకటి వచ్చుంటే అది దండగే కదమ్మా!"

దుకాణం మూసి పరీక్ష జరిగే చోటికి వస్తున్న దర్జీకి ఆ ముగ్గురి నవ్వులు వీధి మలుపులోనే వినిపించాయి.

తర్వాతి నెలలో గీతలక్క సంతకంతో మొదటి పటం బయటికి వెళ్లింది. ఒక పాత వీధిలో, రోడ్డు కింద కప్పబడిపోయిన వాల్వు ఎక్కడుందో చూపే పటం అది. ఆమె ఆఫీసులో కూర్చోలేక తవ్వేచోటికే వెళ్లింది. మేస్త్రీ పటం చూసి టేపుతో కొలిచి, సుద్దముక్కతో రోడ్డు మీద గుండ్రం గీశాడు.

"ఇక్కడేనా మేడమ్? మళ్లీ పక్కన తవ్వమనరు కదా?"

"ఇక్కడే" అంది. చెప్పుకాలితో గుండ్రం మధ్యలో తట్టి చూపించింది.

పైన తారు పెచ్చు తీశాక మట్టిలో గునపం దిగింది. మూడో పోటుకు కింద నుంచి వాల్వు ఇనుము ఠంగుమంది. మేస్త్రీ తలెత్తి చూసేసరికి, యాభై ఏళ్ల గీతలక్క నడివీధిలో చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది.