ఆదివారం బండి

షెల్టర్ నుంచి తెచ్చి సాకిన కుక్కను ఎవరికైనా అప్పగించేముందు ఆశాజ్యోతి టీచరు వచ్చినవాళ్ల మొహం చూడదు, బండి టైర్లు చూస్తుంది. వాటికి చెరువుగట్టు బురద కనబడిందా, "ఇచ్చేశామండి" అని అబద్ధమాడి పంపేస్తుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కుక్కను గొలుసుతో కట్టేసి ఎండకీ వానకీ వదిలేస్తారేమోనని ఆమె భయం. కుక్కను ఇచ్చి పంపిన రోజు ముద్ద దిగదు. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది.

చెవి చిరిగిన చిట్టిని మాత్రం, చర్చి అవగానే నేరుగా ఇంటికొచ్చిన రత్నరాజు చేతిలో పెట్టింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తళతళలాడే బండి. "మా ఇంట్లో పిల్లలా చూసుకుంటామండీ" అన్నాడు. సాయంత్రం ఉండబట్టలేక వీడియో కాల్ చేసింది. "శుభ్రంగా అన్నం తిందండి, ఏం బెంగ లేదు" అంటూ చిట్టి మొహం చూపించాడు. ఆ మాటల వెనక చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు. ఆదివారం అందరూ బండి కడుక్కునే చర్చికొస్తారని అప్పుడు తట్టిందామెకి. "ఎక్కడున్నారండీ?" అనబోయింది. ఫోనులో ఆమెను చూసి చిట్టి ముందుకు దూకింది. గొలుసు వెనక్కి లాగింది.