అప్పలసూరి తాగలేదు

అప్పలసూరి పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆటోనగర్‌లో చెప్పాల్సిన వాళ్ళెవరూ చెప్పలేదు. తండ్రి సారా తాగి తాగి నలభై నిండకుండానే పోతే, పన్నెండేళ్ళ వాడు తల్లి ఆదిలక్ష్మమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. పెళ్ళిళ్ళలో స్నేహితులు మూతి దగ్గర గ్లాసు పెట్టి బలవంతం చేసినా ఆ ఒట్టు తప్పలేదు. అలాంటి మనిషిని పట్టుకుని తాగుబోతన్నారు.

అతను పనిచేసేది ఇనప దూలాలు తయారుచేసే షెడ్డులో. పదిహేడేళ్ళుగా అక్కడ పైన క్రేను నడిపేది అతనే. ఐదు టన్నుల దూలాన్ని, కింద సుద్దతో గీసిన గీత మీదకి, నిద్రపోయే పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు దించేవాడు. అంతటి వాడికి ఉన్నట్టుండి నిచ్చెన మెట్లు కాలికి అందడం మానేశాయి. చేతిలో గ్లాసు జారేది. అరికాళ్ళు తిమ్మిరెక్కేవి. మోచేతుల మీద దురద పొక్కులు, నోట్లో పూత. సాయంత్రమయ్యేసరికి మాట ముద్దయ్యేది. కడుపులో మాత్రం ఏ నొప్పీ లేదు. అదే కొంప ముంచింది. కడుపు నొప్పి లేనివాడి జబ్బు తిండిలో ఉంటుందని ఎవరనుకుంటారు?

మన జనానికి ఒక తెగులుంది. మగవాడు తూలితే చాలు, లేని వాసన కూడా ముక్కుకి తగిలేస్తుంది. ఒక పొద్దున్న అందరూ టీ తాగుతున్న వేళ సూపర్‌వైజర్ గురునాథరావు నేల మీద వేసిన పసుపు గీత చూపించి, "దాని మీద నడువయ్యా, చూద్దాం" అన్నాడు. అప్పలసూరి నడిచాడు. నాలుగో అడుగుకి పక్కకి తూలాడు. జనం నవ్వారు.

"పొద్దున్నే ఏసేశావేంటయ్యా! తాగొచ్చి క్రేనెక్కుతావా?" షెడ్డు దద్దరిల్లేలా అరిచాడు గురునాథరావు.

"నాను తాగనండి. మీకెరికే కదా."

ఊదే మిషను తెప్పించారు. ఊదాడు. సున్నా. మళ్ళీ ఊదించారు. మళ్ళీ సున్నా. అక్కడితో ఒప్పుకోవాలా, వద్దా? "అయితే గంజాయి అయ్యుంటుంది" అన్నాడాయన. మిషను అబద్ధం చెప్పదని కొన్నవాళ్ళే మిషను మాట వినలేదు! ఆ పూటే క్రేను తాళం లాక్కుని చీపురు చేతికిచ్చారు. పదిహేడేళ్ళు పైనుంచి దూలాలు దించిన మనిషి ఆ రోజు నుంచి కింద ఇనప రజను ఊడ్చాడు.

ఆసుపత్రికి వెళ్తే అక్కడా అదే పాట. "రోజూ ఎంత తాగుతావ్?" అన్నది డ్యూటీ డాక్టరు మొదటి ప్రశ్న. తాగనండి అంటే, "అందరూ అదే చెప్తారు" అని కాగితం మీద ఏదో గీకాడు. స్కానింగు తీశారు, బలానికి మాత్రలు రాశారు, నాలుగు రోజులు మంచం మీద ఉంచారు. చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ బ్రెడ్డు ప్యాకెట్టో రస్కులో పట్టుకొచ్చాడు. మనలో జబ్బు మనిషికి పాలూ బ్రెడ్డూ పెట్టడాన్ని మించిన పుణ్యం లేదు కదా. ఆ పుణ్యమంతా అతని గొంతులో కుక్కారు. నీరసం పెరిగితే ఇంకో గ్లాసు పాలు, ఇంకో రెండు ముక్కలు.

ఇంట్లోనూ అంతే. అప్పటికి మూడేళ్ళ కిందట కంపెనీ మెడికల్ క్యాంపులో సుగరు అంచున ఉందన్నారు. రాత్రి అన్నం మానేసి చపాతీ తినమన్నారు. ఊరూవాడా చెప్పే మాటే అది. భార్య రోజారమణి రాత్రికే కాదు, మధ్యాహ్నం క్యారేజీకి కూడా చపాతీలే కట్టింది. టిఫినుకి బొంబాయి రవ్వ ఉప్మా, పొద్దున్నా రాత్రీ పాలు. తెల్లారకుండా లేచి పిండి కలిపే ఆ ఇల్లాలి ప్రేమకి వంక పెట్టలేం. చెబుతున్న నాకు ఒళ్ళు మండేది అందుకే.

చివరికి సెలవు పెట్టించి, ఎలమంచిలి దగ్గర ఊళ్ళో ఉన్న తల్లి దగ్గరికి పంపారు. ఆదిలక్ష్మమ్మకి చపాతీ ఒత్తడం రాదు, ఇంట్లో పాడీ లేదు. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు. మూడు వారాలకి తిమ్మిరి తగ్గింది, పొక్కులు ఎండిపోయాయి. రోజారమణి సంబరపడి ఇంటికి తీసుకొచ్చి, వేడివేడి చపాతీలు చేసి పెట్టింది. పదో రోజున అతను బాత్రూం గుమ్మంలో పడ్డాడు.

లేవదీయడానికి వంగిన రోజారమణి అలాగే ఆగిపోయింది. "మావా, ఊళ్ళో మీయమ్మ నీకేటెట్టింది?"

"ఏటెడతాది? సోడంబలి."

"సపాతీలు సెయ్యనేదా? పాలియ్యనేదా?"

"నేదు."

ఆవిడ నేల మీద కూలబడింది. "అయితే నిన్నిలాగ సేసీసింది నానేనేటి, మావా!"

మర్నాడే ఒక నరాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ ఏం తాగుతావని అడగలేదు. ఏం తింటావని అడిగింది. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న వేసిన మొదటి డాక్టరు ఆవిడే. అప్పలసూరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రక్త పరీక్షలు వచ్చాక సంగతి తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ అతని ఒంటికి పడదు. కొందరికి అది కడుపు జోలికి పోకుండా, మెదడులో నడకని నిలబెట్టే చోటుని దెబ్బతీస్తుందట. అతనికి పాలు కూడా సరిపడటం లేదు. రెండూ చిటికెడు కూడా కూడదు, పోయిన నిలకడ నెమ్మదిగా రావాలి అంది.

చిటికెడంటే ఏమిటో రోజారమణికి పూర్ణా మార్కెట్లో అర్థమైంది. ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివిస్తే అందులోనూ గోధుమ పిండే! చోళ్ళూ బియ్యపు రవ్వా మోసుకుని ఇంటికొస్తే చుట్టాలు ఊరుకున్నారా? "గొప్పోల్ల జబ్బు మీకెక్కడ దొరికిందే" అని ఒకావిడ. "ఒక్క పూరీ తింటే సచ్చిపోడులే" అని ఇంకొకాయన. అతను తాగుబోతని నమ్మడానికి వీళ్ళెవరికీ రుజువు అక్కర్లేకపోయింది. గోధుమ పడదంటే మాత్రం అందరికీ కాగితాలు కావాలి!

తొమ్మిది నెలలు పట్టింది. ఎక్కువసేపు నిలబడితే కాళ్ళు లాగుతాయి గాని, నడక కుదిరింది, చెయ్యి నిలిచింది, మాట తేటపడింది. డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. కంపెనీ వాళ్ళు తమ పరీక్షలన్నీ చేయించుకుని క్రేను ఎక్కొచ్చన్నారు.

డాక్టరమ్మ కాగితం పట్టుకుని అప్పలసూరి కావాలనే టీ వేళకి షెడ్డుకి వెళ్ళాడు. గురునాథరావు దాన్ని చదివి, మడిచి, ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "అయిందేదో అయిపోయింది అప్పలసూరీ. రేపట్నుంచి క్రేనెక్కు. ఇదిగో, టీ తాగు, బన్ను తిను."

పాల టీ, మైదా బన్ను. అవి కూడదని రాసిన కాగితం ఆయన రెండో చేతిలోనే ఉంది.

"నాకు టీ ఒద్దండి. మాట కావాలి."

"ఏం మాట?"

"నాను తాగనేదని. ఆవేళ అందరి ముందరా తాగినాడన్నారు కదండి. ఇప్పుడూ అందరూ ఉన్నారు."

"నలుగురిలో ఇదేంటయ్యా..."

అప్పలసూరి పసుపు గీత మీద కాలు పెట్టి ఆ చివరి దాకా నడిచాడు. తిరిగి ఈ చివరికి నడిచొచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గురునాథరావు నేల చూపులు చూశాడు. "సరేనయ్యా, నువ్వు తాగలేదు" అని గొణిగాడు.

"ఇనబడ్నేదండి" అన్నాడు అప్పలసూరి. "ఆవేళ మీరన్నది గేటు దాకా ఇనబడింది."