కార్బురేటర్ వెనక పెళ్ళికార్డు

1984 వానాకాలం. పుంగనూరు బస్టాండు వెనక నాకు చిన్న మెకానిక్ షాపు ఉండేది. వచ్చేవన్నీ పంపుసెట్లు, మోపెడ్లే. ఒక్కటి మాత్రం వేరు. మదనపల్లె రోడ్డులో చెంగారెడ్డి మామిడితోటకు బెంగుళూరు వేలంలో కొనుక్కొచ్చిన రైడింగ్ మోవర్. అంటే మనిషి పైన కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి. చూడ్డానికి పిల్ల ట్రాక్టరులా ఉంటుంది, లోపల ఒంటి సిలిండరు పెట్రోలు ఇంజను. ఈ చుట్టుపక్కల దాన్ని విప్పిన మెకానిక్‌ను నేనొక్కడినేనని నాకు కాస్త టెక్కు కూడా ఉండేది.

బండి నడిపేది మునెప్ప. కుప్పం పక్కన గుడుపల్లె మనిషి. తోటలోనే ఒక గదిలో భార్యతో కాపురం. కోత కోసినప్పుడల్లా బండిని తుడిచి గోనెపట్ట కప్పేవాడు.

చెంగారెడ్డి కబురు పెడితే ఒక పొద్దున వెళ్ళాను. ఇంజను స్టార్టవుతోంది, గడ్డీ కోస్తోంది. కానీ స్పీడు తగ్గించి ఐడ్లింగ్‌లో, అంటే పనేమీ లేకుండా ఊరికే తిరిగేలా పెడితే నిలకడ లేదు. లేస్తుంది, పడుతుంది, ఆగబోయి మళ్ళీ లేస్తుంది. దీన్ని హంటింగ్ అంటాం. ప్లగ్గు తుడిచాను. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్ల గ్యాపు సరిచేశాను. కార్బురేటర్, అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే భాగం, దాని కింది గిన్నె విప్పి పెట్రోలు వచ్చే సన్నటి జెట్ల బెజ్జాలు ఊదాను. మధ్యాహ్నమైంది. ఇంజను మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. పక్కన నిలబడి చెంగారెడ్డి చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎయిర్ ఫిల్టరు దగ్గర కిరసనాయిలు వాసన తగిలింది.

"పెట్రోల్లో కిరసనాయిలు కలిసినా ఇట్లే చేస్తాది రెడ్డీ" అనేశాను.

చెంగారెడ్డి మునెప్ప వైపు తిరిగాడు. "ఏం మునెప్పా, పెట్రోలు అమ్ముకోని కిరసనాయిలు పోస్తాండావా? సాయంత్రం బస్సుకు గది ఖాళీ చేసి ఎల్లిపో."

"అయ్యో రెడ్డీ! ఫిల్టరు స్పాంజిని కిరసనాయిల్లో కడగమని ఈ మేస్త్రీనే సెప్పినాడు. ఆ వాసన అది. అడుగు సామీ!"

నిజమే, నేనే చెప్పాను. చెంగారెడ్డి నన్ను అడగలేదు, భోజనానికి వెళ్ళిపోయాడు. నేనూ నోరు విప్పలేదు.

మునెప్ప ట్యాంకులోంచి రెండు చుక్కలు తీసి తెల్లకాగితం మీద వేసి ఎండలో పెట్టాడు. చూస్తుండగానే ఆరిపోయాయి. మరక లేదు.

"కిరసనాయిలుంటే జిడ్డు మిగలదా మేస్త్రీ? యాల అట్లన్నావు?" అని గదివైపు నడిచాడు. కాసేపటికి లోపల గిన్నెలు మూట కడుతున్న చప్పుడు వినిపించింది.

మళ్ళీ ఇంజను స్టార్ట్ చేశాను. ఈసారి ఆయిల్ క్యాను తీసి కార్బురేటర్ ఇంజనును కలిసే జాయింటు చుట్టూ నాలుగు చుక్కలు వేశాను. అంతే, ఇంజను ఒక్కసారి కుదురుకుంది. ఆయిల్ లోపలికి పీల్చుకుపోగానే మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. గాలి దొంగదారిన జొరబడుతోందన్న మాట. స్పీడులో ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. ఐడ్లింగ్‌లో పెట్రోలు చుక్కచుక్కగా వస్తుంది కాబట్టి అదే చాలు చెడగొట్టడానికి.

నట్లు రెండూ విప్పాను. గాలి చొరకుండా జాయింటు మధ్య పెట్టే ప్యాకింగ్ ఒక పక్క కాలి చిరిగిపోయి ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాలు. మా తమ్ముడి పేరు.

నాలుగు నెలల కింద నేను వేసిందే. మా షాపుల్లో ప్యాకింగ్ షీటు లేనప్పుడు పాత పెళ్ళికార్డు కత్తిరించి ఆయిల్లో తడిపి వేయడం వాడుక. నీళ్ళ పంపుకు నడుస్తుంది. పెట్రోలుకు, ఇంజను వేడికి నిలవదు. తర్వాత మదనపల్లెలో మంచి షీటు కొనుక్కొచ్చాను గానీ దీన్ని మార్చడం మర్చిపోయాను.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా సరే, దాన్ని గబుక్కున జేబులో దాచాను. సంచిలో మంచి షీటుంది, కత్తిరించి వేసేస్తే సరి, ఎవరికీ తెలియదు. వేశాను కూడా. ఇంజను చక్కగా తిరిగింది. అంతలో మునెప్ప భార్య నెత్తిన మూటతో బయటికొచ్చింది.

చెంగారెడ్డినీ మునెప్పనూ కేకేశాను. కార్డుముక్క తీసి ఇద్దరి ముందూ పెట్టాను. "తప్పు నాది రెడ్డీ. మునెప్ప ఏమీ కలపలేదు. ఫిల్టరు కడగమన్నదీ నేనే."

చెంగారెడ్డి ముక్కను చూశాడు, నన్ను చూశాడు. "మూట దించమ్మా" అని మాత్రం ఆమెతో అన్నాడు.

మునెప్ప ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అక్షరాలు చూశాడు. "మీ తమ్ముడి పెండ్లిది కదా మేస్త్రీ. నేనూ వచ్చినాను. ఈ కార్డు నాకు గూడా ఇచ్చినావు. దేవుడి పటం యెనకాల పెట్టుకోనుండాను."

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. చేతులు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాను.

ఆ తర్వాత ఎన్నో ఇంజన్లు విప్పాను. ఎవరు ఏ బండి తెచ్చినా ముందు ఒక్కటే అడుగుతాను, ఇంతకుముందు దీన్ని నేను ముట్టుకున్నానా అని. ముట్టుకుని ఉంటే మొదట విప్పేది నా చెయ్యి పడిన చోటే. నడిపే మనిషి గురించి మాట్లాడేది దాని తర్వాతే.