హోలిస్ కుంట

ట్రినిడాడ్‌లో మా పక్కింటి హోలిస్ రోజూ పొద్దున్నే పెరట్లో మోకాళ్ళమీద కూర్చుని, తాను కట్టిన చేపల కుంటలో పుల్ల ముంచి లోతు చూసేవాడు. నాలుగుసార్లు సిమెంటు పూసినా నీళ్ళు ఇంకిపోయేవి. మా వీధికి కొళాయి వారానికి రెండు రోజులే. ఒక శనివారం ఇంటి ట్యాంకంతా కుంటలోకి వదిలేశాడు. తెల్లారేసరికి చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. ఆయన భార్య ఇస్మే మా ఇంటికొచ్చి బకెట్టు నీళ్ళు అడిగి తీసుకెళ్ళింది.

"ఇటు చూడకు. చర్చికి వేళైంది, ఇవి నా స్నానానికి," అంది పెరట్లో బకెట్టు వంకే చూస్తున్న హోలిస్‌తో.

"నేనేమన్నాను?"

"నీ నోరు అనలేదులే, కళ్ళు అంటున్నాయి."

హోలిస్ చేపల్ని ఒక్కొక్కటే దోసిట్లో తీసి ఆ బకెట్లో వేశాడు. ఇస్మే నడుంమీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఆ మూల ఇంకోటుంది, కనబడటంలా?" అంది.