పడమటి గాలి ఎటు వీస్తుంది

నేను కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు జగిత్యాలలో, రోజూ బస్సు ప్రయాణం. నిరుడు మా వారాంతపు పరీక్షలో ఒక లెక్క వచ్చింది. విమానం వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు. వంద కిలోమీటర్ల వేగంతో పడమటి గాలి వీస్తోంది. విమానం నేరుగా ఉత్తరానికి పోవాలంటే ముక్కు ఎటు తిప్పాలి?

పడమర వైపు ముప్పై డిగ్రీలు తిప్పాలి. గాలి తూర్పుకు నెడుతుంది కదా, ఆ మేరకు ముందే పడమరకు మొగ్గాలి. హెడ్డాఫీసు పంపిన జవాబుల కీలో మాత్రం తూర్పు అని ఉంది.

సిరిసిల్ల నుంచి వచ్చి మా హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి, పేపర్ పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. అమ్మానాన్నలిద్దరూ మరమగ్గాల మీద పని చేస్తారు.

"మేడం, పడమటి గాలంటే పడమటి దిక్కు నుంచి అచ్చేదే గద? మరి నాది ఎట్ల తప్పయింది?"

ఆమె పేపర్ మీద విమానం ముక్కుకు ఒక బాణం, దాని కొసన గాలికి ఇంకో బాణం గీసి ఉంది. రెండూ కలిస్తే సరిగ్గా ఉత్తరమే వస్తోంది. "నీది తప్పు కాదు బిడ్డా" అని చెప్పి, పేపర్ తీసుకుని డీన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన పేపర్ వైపు చూడనైనా లేదు. "కీల ఏమున్నదో గదే కరెక్టు మేడం. అన్ని బ్రాంచీలకు గదే పోయింది."

"కీ లెక్కన తిప్పితే విమానం ఎటు పోతదో మీరే గీసి చూడుండ్రి సార్" అని మార్కర్ అందించాను.

ఆయన తీసుకోలేదు. నవ్వాడు. "గీ పిల్లలేమన్న విమానాలు నడుపుతరా మేడం?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు నడపరు? నడపకపోతే మాత్రం, సరిగ్గా ఆలోచించిన పిల్లకు మార్కు కోసేస్తారా? అదే మాట ఆయన ముఖం మీదే అడిగాను. ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

మరునాడు క్లాసులో బోర్డు మీద బాణాలు గీసి, కీ తప్పని అందరికీ చెప్పాను. మార్కులు మాత్రం మారలేదు. ఆ తేడాతోనే ఆ అమ్మాయిని కింది సెక్షన్‌కు పంపారు. పట్టుబట్టి ఆ సెక్షన్ కూడా నేనే తీసుకున్నాను.

మొదటి రోజు క్లాసయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగింది. "పెద్ద పరీక్షల గిదే అస్తే ఏం రాయాలె మేడం? నిజం రాయాల్నా, కీల ఉన్నది రాయాల్నా?"

"పడమరే రాయి" అన్నాను.

తల ఊపింది. కానీ ఆ కళ్లలో నమ్మకం లేదు. నా కోపం ఇప్పటికీ చల్లారనిది అందుకే.