అమ్మ చెప్పి రాయించిన ఫిర్యాదు

నాన్న పోయాక మందుల షాపు నేను చూసుకోవడం మొదలుపెట్టాను. నరసన్నపేట దాటాక హైవే పక్కన ఉంటుంది మా ఊరు. ముందు గదిలో షాపు, వెనక ఇల్లు. అమ్మ ఎక్కువగా వెనకే ఉండేది. అయినా షాపుకి ఎవరొచ్చారో, ఏం కొన్నారో ఆవిడకి తెలియకుండా ఉండేది కాదు.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి ఒకామె వచ్చేది. నలభై ఏళ్ళుంటాయి. గజపతినగరం వైపు నుంచి వచ్చి, లారీలు ఆగే చోట చిన్న గదిలో ఉండేది. ఆమె ఏం చేసి బతుకుతుందో ఊరందరికీ తెలుసు. తనకీ, తనలాంటి మరో నలుగురికీ కలిపి కండోమ్‌లు తీసుకునేది. షాపు మెట్టెక్కేది కాదు. కింద నిలబడి చేయి చాపితే నేను కాగితంలో చుట్టి అందించేదాన్ని. ఆమె వెళ్ళగానే అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్టు మీద పోసేది.

"ఇదేటమ్మా?" అంటే, "అదలాంటిది. నీకు తెల్దు, ఊరుకో" అనేది. నేనూ ఊరుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం షట్టర్ తీసేసరికి ఆమె కింద మట్టిలో కూర్చుని ఉంది. కొంగు తలకి అదిమి పట్టుకుంది. వేళ్ళ మధ్య నుంచి రక్తం కారుతోంది. నా కేక విని అమ్మ పరుగున వచ్చింది.

"లోపలికి రా" అన్నాను.

ఆమె అమ్మ వైపు చూసింది. "వద్దు తల్లీ, మీ మెట్టెక్కను. మల్లీ కడుక్కోవాల. దూది ఇటు పడీండి, సాలు."

ఆ మాటలో దెప్పు లేదు. నిజంగానే అమ్మకి శ్రమ ఎందుకనే అంది. అమ్మ ముఖం పాలిపోయింది. దిగి వెళ్ళి ఆమె రెక్క పట్టుకుని లేపింది.

"నడు. ముందు లోపల కూకో."

గాయానికి కుట్లు పడాలి. ఆటోలో ముగ్గురం ఆసుపత్రికి బయలుదేరాం. రాత్రి ఒక లారీ డ్రైవరు కొట్టాడని, ఎందుకో కూడా ఆమె దారిలో చెప్పింది. ఆసుపత్రిలో చీటీ రాసేవాడు ఆమెని గుర్తుపట్టి పక్కవాణ్ణి చూసి నవ్వాడు. "ఏటి పని సేస్తావు?" అని అందరికీ వినబడేలా అడిగాడు. ఆమె తల దించుకుంది.

"దెబ్బ తలకి తగిలింది నాయనా, పనికి కాదు. డాక్టర్ని పిలు" అంది అమ్మ.

కుట్లు వేసిన డాక్టరమ్మ మాత్రం మర్యాదగా మాట్లాడింది. పోలీసులకి చెప్పాల్సిందే అంది. "నన్నే లోపలేసేత్తారు" అని ఆమె భయపడింది. "నేనొస్తాను కదా" అంది అమ్మ.

స్టేషన్లో లేడీ కానిస్టేబుల్ ఎందుకు కొట్టాడని అడిగితే ఆమె అమ్మ వెనక్కి జరిగింది. షాపులో కండోమ్ డబ్బాల పేరు కూడా ఏనాడూ పలకని మా అమ్మ ముందుకి జరిగింది.

"ఆడు కండోమ్ వద్దన్నాడు. ఈవిడ కుదరదంది. అందుకని సీసాతో కొట్టాడు. ఇందులో ఈవిడ తప్పేటి? రాయండమ్మా."

అంతవరకూ 'అది' అన్న మనిషి 'ఈవిడ' అనడం నేను విన్నాను. కానిస్టేబుల్ రాసింది. లారీ నంబరు ఆమెకి గుర్తుంది. వారం తిరక్కుండానే వాణ్ణి పట్టుకొచ్చారు. కేసు ఇంకా నడుస్తోంది. ఆమె ఒక్క వాయిదా కూడా మానలేదు.

ఊరు మారిపోయిందని చెప్పను. "వర్తకం సేసుకునే ఇంట్లో ఈ రాకపోకలేటి?" అని పెద్దమ్మ అమ్మతో మాట్లాడ్డం మానేసింది. కొందరు వేరే షాపుకి వెళ్ళారు, వాళ్ళలో చాలామంది మళ్ళీ వచ్చారు. మిగతా నలుగురు ఆడవాళ్ళూ ఇప్పుడు వేళ చూసుకోకుండా షాపుకి వస్తున్నారు. అమ్మ వెంటపడి గుర్తుచేస్తే మూడు నెలలకోసారి ఆమే వాళ్ళని వెంటబెట్టుకుని రక్తపరీక్షకి వెళ్తుంది. డాక్టరమ్మ మందలించాక ఆసుపత్రిలో చీటీల దగ్గర ఏం పని చేస్తావని ఎవరూ అడగడం లేదు.

పోయిన నెల అమ్మ షుగర్ మాత్రలు సరిగా వేసుకోవడం లేదని ఆమెతో అన్నాను. ఆమె అమ్మని నిలదీసింది.

"రగతం సూపించుకోమని నా ఎనకాల పడతారు. మీరెప్పుడు సూపించుకున్నారు?"

మర్నాడు ఇద్దరూ కలిసి ఆటో ఎక్కారు. దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉందట.