మూడు పెడల్స్, ఒక పెట్టె

పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడికి వేళ్ల కన్నా ముందు నడుము పోతుంది. ఎనభైల చివర్లో నా పరిస్థితి అదే. కాళ్ల దగ్గర ప్లైవుడ్ చెక్క, దాని మీద గిటార్ శబ్దాన్ని మార్చే మూడు పెడల్స్. ఒకటి తీగను గరగరలాడించేది, ఒకటి నలుగురు కలిసి వాయిస్తున్నట్టు వినిపించేది, ఒకటి ఎకో ఇచ్చేది. పాట మారినప్పుడల్లా వంగి వాటి నాబ్‌లు తిప్పుకోవాలి. అయినా అవంటే నాకు ప్రాణం. ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది కొనుక్కున్నాను. దేన్ని ఎంత తిప్పితే ఏమంటుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి.

ఆర్కెస్ట్రా నడిపేది మాస్టారు. ఏలూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడ్డ మనిషి, అకార్డియన్ వాయించేవారు. ఒక టైలర్ షాపు పైన గదిలో మా రిహార్సల్స్ జరిగేవి. ఆయనది ఒకటే చట్టం. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. "మైకు ఊరికే కనిపించిందంటే పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కేస్తాడురా. ఎక్కినవాణ్ణి దింపడం ఎవడి తరమూ కాదు" అనేవారు. పంజాగుట్టలో ఒక రిసెప్షన్‌లో అంత పనీ అయింది. నేను ఎకో సరిచేసుకుని లేచేసరికి మేనమామగారు మైకు పట్టుకుని గొంతు సవరించుకుంటున్నారు. భోజనాలయ్యేదాకా వదల్లేదు. తిట్లు మాత్రం నాకు.

మా డ్రమ్ము వాయించే భాయ్‌ది యూసుఫ్‌గూడ. వాళ్ల బావ గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తున్నాడని, గిటార్‌కి ఏం కావాలన్నా తెస్తాడని చెప్పాడు. నా మనసంతా వా పెడల్ మీద ఉంది. కాలితో తొక్కుతుంటే తీగ మనిషిలా గునుస్తుంది. మాస్టారు మాత్రం అన్ని శబ్దాలూ ఒకే పెట్టెలో ఉండే కొత్త యంత్రం గురించి ఎక్కడో విన్నారు.

"ఇంకో పెడల్ అంటే ఇంకోసారి వంగడమే కదరా. ఆ పెట్టె అయితే ఒక్క తొక్కుతో పనైపోతుంది."

భాయ్ నా పక్షం. "గా డబ్బల ఒక్కటి ఖరాబైతే అన్ని ఖరాబైనట్టే మాస్టర్. గీ మూడిట్ల ఒకటి పోతే ఇంకా రెండుంటయి. జర సోంచాయించుండ్రి."

నేను బింకంగా కూర్చున్నాను. వాయించేది నేను, నిర్ణయించేదీ నేనే అనుకున్నాను. ఆ వారంలోనే ఒక పొద్దున రిహార్సల్‌కి వెళితే గది మూల అకార్డియన్ లేదు.

"అమ్మేశాను. ఆ డబ్బుతో పెట్టె తెప్పించమని భాయ్‌కి చెప్పు. ఇక వద్దనకు" అన్నారు మాస్టారు.

ఏ మొహంతో వద్దంటాను?

పెట్టె వచ్చింది. నల్లగా, బల్లపరుపుగా, చిన్న కిటికీలో ఎర్రటి అంకెలతో. దాన్ని తొక్కితే తర్వాతి శబ్దానికి వెళుతుంది, వెనక్కి రాదు. అందుకని మా ప్రోగ్రాం ఎలా నడుస్తుందో అదే వరసలో శబ్దాలు నింపాను. మొదట వినాయకుడి పాట, చివర డాన్సు పాట. అంతే, ఆ రోజు నుంచి మా పాటల వరస శిలాశాసనమైపోయింది. ఎవరింట్లో పెళ్లయినా అవే పాటలు, అదే వరస. ఏ బామ్మగారో ముచ్చటపడి పాత పాట అడిగితే, అక్కడికి చేరాలంటే మధ్యలో ఉన్నవన్నీ తొక్కుకుంటూ పోవాలి. మాస్టారు మైకులో "తర్వాత పాడతామమ్మా" అనేవారు. ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. అకార్డియన్ బిట్లన్నీ నన్నే గిటార్ మీద లాగించమని, ఆయన పాటలు ప్రకటించే పనిలోకి మారిపోయారు.

ఆ పెట్టెలో చెడ్డ శబ్దం లేదు. నాది అనిపించే శబ్దమూ లేదు. పైగా దాని కిటుకులు నాకు తప్ప ఎవరికీ తెలియవు, అంటే నాకు జ్వరం రావడానికి కూడా వీల్లేదు. పెడల్స్ మంచం కింద ట్రంకు పెట్టెలో పడి ఉండేవి.

అప్పుడే పంజాగుట్టలో ప్రకటనల పాటలు రికార్డు చేసే ఒక చిన్న స్టూడియో ఆయన కబురు పంపారు. ఒకప్పుడు ఏదో పెళ్లిలో నా ఎకో విన్నారట. "ఆ పెడల్స్ తీసుకుని రండి. కుదిరితే ఇక రోజూ రావచ్చు." రమ్మన్న రోజున మాకు పెళ్లి ప్రోగ్రాం ఉంది. చెబుదామని రిహార్సల్ గదికి వెళ్లాను. మాస్టారు భుజం మీది తువ్వాలుతో ఆ పెట్టె మీది దుమ్ము తుడుస్తున్నారు, చంటిపిల్ల మూతి తుడిచినట్టు. చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. స్టూడియోకి వెళ్లలేదు. ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ ఆ స్విచ్చిని కసిగా తొక్కేవాణ్ణి.

కొన్నాళ్లకు ఒక రిసెప్షన్‌కి ఆ స్టూడియో ఆయనే అతిథిగా వచ్చారు. భోజనాల దగ్గర మాస్టారితో మాట కలిపారు. మర్నాడు పొద్దున మాస్టారు నన్ను ఒక్కణ్ణే పిలిచారు.

"స్టూడియో వాళ్లు పిలిచారటగా. నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు?"

"వెళ్లమనేవాణ్ణి."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా కోసం అకార్డియన్ అమ్ముకున్న మనిషిని వదిలేసి ఎలా వెళతానండీ?" అని అరిచేశాను. కింద టైలర్ మిషన్ చప్పుడు ఆగింది.

మాస్టారు కుడిచెయ్యి చాపారు. చివరి రెండు వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. ఎడమచేత్తో పట్టుకుని విప్పబోయారు, అవి విచ్చుకోలేదు.

"నీ కోసమని నేనెప్పుడన్నానురా? వేళ్లు తిరగడం మానేశాయి. అది అలా మూల కనిపిస్తుంటే అన్నం సయించేది కాదు. ఊరికే అమ్మేశానంటే ఎందుకని నలుగురూ అడుగుతారు. అందుకని నీ పెట్టె పేరు చెప్పాను."

లేని రుణానికి ఇన్నాళ్లూ నన్ను నేను కట్టేసుకున్నానన్నమాట. కోపం ఎవరి మీద పడాలో తెలియలేదు. ఆయన మీద జాలి, దాని వెనకే ఏడుపు వచ్చాయి.

"వెళ్లు. ఇప్పటికైనా పంపమన్నాడాయన" అన్నారు. ఏదో తన తాహతుకు మించినది అడుగుతున్నట్టు, "వెళ్లేలోగా ఒక్కటి చూసిపెట్టు. ఇన్ని శబ్దాలున్నాయి కదా, ఇందులో ఎక్కడైనా అకార్డియన్ లాంటిది ఉందేమో" అన్నారు.

లేదని నాకు తెలుసు. ఆ పెట్టెలో నేను తొక్కి చూడని అంకె లేదు.

"చూస్తాను మాస్టారూ. కొంచెం టైం పడుతుంది" అని దాని ముందు కూర్చున్నాను.